యంత్ర కవిత్వం - కొత్త అపౌరుషేయ వాదం

కృత్రిమ మేధ కవిత్వం రాయగలదా అనే ప్రశ్న, 2022 నవంబరులో చాట్ జీపీటీ జనం చేతికి వచ్చిన నాటి నుంచి, మన సాహిత్య సభల్లో తరచుగా వినపడుతోంది. మన రచయితలు చెప్పే జవాబు కూడా దాదాపు ఒకటే. యంత్రానికి ఆత్మ లేదు, ఆత్మ లేనిది కళను సృష్టించలేదు. చప్పట్లు మోగుతాయి, సభ ముగుస్తుంది. ఈ మాట ఆధ్యాత్మిక కవులు అంటే నాకు పేచీ లేదు. వాళ్ళ దర్శనానికి అది తగిన మాటే. కాని భౌతికవాదులమని చెప్పుకునేవాళ్ళు, ఆత్మవాదాన్ని ఖండిస్తూ ఎన్నో వ్యాసాలు రాసినవాళ్ళు, ఒక యంత్రం ఎదురుపడగానే పరుగెత్తుకెళ్ళి ఆత్మ చాటున నిలబడడం ఏమిటి? దయ్యాలు లేవని పగలంతా ఉపన్యసించి, చీకటి పడ్డాక శ్మశానం దారి తప్పించుకు పోయే హేతువాది గుర్తుకొస్తాడు.

దీనికి ఎదురువాదం చేసేవాళ్ళూ ఉన్నారు. మెదడు కూడా యంత్రమే కనుక యంత్రం ఇవాళ కాకపోతే రేపు మహాకావ్యం రాస్తుంది, ఇందులో చర్చించవలసింది ఏమీ లేదని వీళ్ళు అంటారు. వినడానికి ఇది భౌతికవాదంలాగే ఉంటుంది. కాని కళ అనేది ఒక తల లోపల జరిగే వ్యవహారమని ముందే ఒప్పేసుకుని మొదలుపెట్టిన వాదం ఇది. ఆత్మవాదికీ ఇతనికీ తేడా, ఆ తలలో ఉన్నది ఆత్మా, నరాలా అన్న దగ్గరే. కళ మనుషుల మధ్య జరిగే వ్యవహారమనే సంగతి ఇద్దరికీ పట్టలేదు.

ప్రశ్న కొత్తదిగా కనిపిస్తోంది గాని, దాని లోపలి చిక్కుముళ్ళు పాతవే. మాటకు అర్థం ఎక్కడి నుంచి వస్తుంది, చెప్పేవాడు లేని మాట ఉంటుందా, అనుకరణకూ అసలుకూ తేడా ఏమిటి - వీటి మీద మన పూర్వ దార్శనికులూ, ఆలంకారికులూ, గ్రీకులూ చాలా గట్టిగా తగువులాడుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది భావవాదులే. ఐనా వాళ్ళ తగువుల్లో మనకు అక్కరకొచ్చే పనిముట్లు ఉన్నాయి.

ఆత్మ సంగతి ముందు తేల్చుకుందాం. లోకాయతులు రాసుకున్న గ్రంథాలు మనకు దక్కలేదు. వాళ్ళను ఖండించడానికి పూనుకున్నవాళ్ళ పుస్తకాల్లోంచే వాళ్ళ మాటలు ఏరుకోవలసి వస్తోంది. పద్నాలుగో శతాబ్దంలో మాధవాచార్యుడు రాసిన 'సర్వదర్శన సంగ్రహం' మొదటి అధ్యాయం అలాంటిదే. నేల, నీరు, నిప్పు, గాలి - ఈ నాలుగూ శరీరంగా కూడినప్పుడు వాటిలోంచి చైతన్యం పుడుతుంది, కిణ్వం వగైరా దినుసులు కలిసి పులిస్తే మత్తు పుట్టినట్టు - అని అందులో లోకాయతుల వాదం. విడివిడి దినుసుల్లో మత్తు లేదు. కుండలో పడి పులిశాక ఉంది. ఎక్కడి నుంచో దిగివచ్చి కుండలో దూరిన మత్తుదేవత ఎవరూ లేరు. ఈ వాదాన్ని ఒప్పుకున్నవాడు, సిలికాన్‌లో చైతన్యం ఎన్నటికీ పుట్టదని శపథం చెయ్యలేడు. అలాగని ఇప్పటికే పుట్టేసిందని ఒప్పుకోవలసిన పనీ లేదు. పులిసిందా లేదా అనేది మూత తీసి చూడవలసిన సంగతి.

మూత తీసి చూస్తే ఇప్పటి భాషాయంత్రంలో కనిపించేది ఇది: మనుషులు రాసిన కోట్లాది పేజీలను దానికి మేపారు. కొన్ని మాటల తర్వాత ఏ మాట వస్తుందో ఊహించమన్నారు. తప్పు ఊహించినప్పుడల్లా లోపలి అంకెలను కొద్దికొద్దిగా సవరించారు. ఇలా లెక్కలేనన్ని సార్లు చేశాక, కూలికి పెట్టుకున్న మనుషుల చేత దాని జవాబులకు మార్కులు వేయించి, జనానికి నచ్చే జవాబుల వైపు దాన్ని మళ్ళించారు. దానికి ఆకలి వెయ్యదు. అద్దె కట్టవలసిన ఇల్లు లేదు. పోగొట్టుకోవడానికి తనవాళ్ళు లేరు. రేపు ఎవరైనా లేమి ఎరిగిన యంత్రాన్ని తయారుచేస్తే అప్పుడు మళ్ళీ కూర్చుని మాట్లాడుకుందాం. ఇప్పుడు నా చర్చ ఇప్పుడున్న యంత్రం గురించి.

ఐతే చిక్కు ఇక్కడితో తీరలేదు. రాసేదానికి బాధ లేకపోతేనేం, చదివేవాడికి కలిగితే చాలదా? ఈ ప్రశ్నకు బలం మన రససిద్ధాంతంలోనే ఉంది. రంగస్థలం మీద ఏడుస్తున్న నటుడికి నిజంగా దుఃఖం ఉండనవసరం లేదని మనవాళ్ళు ఎప్పుడో గ్రహించారు. శ్రీశంకుకుడు దీనికి బొమ్మలోని గుర్రాన్ని ఉదాహరణగా చెప్పాడు. గోడ మీది గుర్రాన్ని చూసి గుర్రమనే అంటాం. అది నిజజ్ఞానమూ కాదు, భ్రమా కాదు, సందేహమూ కాదు. నటుడిలో రాముణ్ణి చూడడం అలాంటిది. నటుడు చూపించే కృత్రిమమైన కన్నీళ్ళను బట్టి ప్రేక్షకుడు శోకాన్ని అనుమానప్రమాణంతో ఊహిస్తాడని అతని వాదం. ఖండించినవాళ్ళు, మంచును చూసి పొగ అనుకున్నవాడు అక్కడ నిప్పు ఉందని ఊహించినంత మాత్రాన నిప్పు ఉంటుందా అని అడిగారు. యంత్ర కవిత్వం మీద ఇవాళ చేయగల విమర్శలో సగం ఈ పొగమంచు ఉపమానంలోనే ఉంది. కాని అభినవగుప్తుడి దగ్గరకు వచ్చేసరికి రసానికి ఆశ్రయం నటుడూ కాదు, కథలోని పాత్రా కాదు, సహృదయుడి మనస్సు. అలాంటప్పుడు పొగ అయితేనేం, మంచు అయితేనేం? చలి కాచుకునేవాడు వెచ్చగానే ఉందంటున్నాడు కదా! యంత్రం పక్షాన వాదించే ప్లీడరెవరైనా ఉంటే అభినవగుప్తుణ్ణి సాక్షిగా పిలుచుకోవచ్చు.

వెచ్చగా ఉందని చెప్పినవాళ్ళు నిజంగానే ఉన్నారు. అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇద్దరు 2024 నవంబరులో ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. చాసర్, షేక్స్‌పియర్, విట్‌మన్, ఎమిలీ డికిన్‌సన్, ఎలియట్, సిల్వియా ప్లాత్ మొదలైన పదిమంది ఇంగ్లీషు కవుల పద్యాలనూ, వాళ్ళ ధోరణిలో యంత్రం చేత రాయించిన పద్యాలనూ కలిపి 1,634 మందికి ఇచ్చారు. ఏది మనిషి రాసింది, ఏది యంత్రం రాసింది అని అడిగితే సరిగ్గా చెప్పింది నూటికి 46.6 వంతులు. బొమ్మా బొరుసూ వేసినా ఇంతకంటే మెరుగ్గా ఉండేది. పైగా యంత్రం రాసిన పద్యాలే లయలోనూ అందంలోనూ బాగున్నాయని మరో బృందం పాఠకులు మార్కులు వేశారు. వాళ్ళు సాహిత్యం చదువుకున్న నిపుణులు కారు కనుక ఆ తీర్పు చెల్లదని కొందరు పండితులు తేల్చేశారు. ఈ తోసివేత నాకు నచ్చదు. మామూలు పాఠకుడికి రుచి తెలియదనే మాటను ఎదిరించే కదా అభ్యుదయ సాహిత్యం మొదలైంది!

ఆ పరీక్షలో గమనించవలసింది వేరే ఉంది. కవి పేరు తీసేశారు. కాలం తీసేశారు. ఎక్కడ, ఎవరితో, ఏ సందర్భంలో అన్న మాటో తీసేశారు. ఇక్కడ మమ్మటుడు మనకు పనికొస్తాడు. 'కావ్యప్రకాశం'లో అతను, అర్థం నుంచి వ్యంగ్యం స్ఫురించడానికి ఏవేవి తోడు రావాలో తొమ్మిది లెక్కపెట్టాడు. అందులో మొదటిది వక్త, చెప్పేవాడు. రెండోది వినేవాడు. తర్వాత కాకువు, వాక్యం, వాచ్యం, పక్కన ఉన్న మరో మనిషి, ప్రస్తావన, దేశం, కాలం. పదకొండో శతాబ్దపు కాశ్మీర పండితుడు, ఏ సామాజిక విమర్శా చదువుకోనివాడు, కావ్యార్థానికి దేశకాలాలు కావాలని జాబితా రాసి పెట్టాడు. అతనే మరోచోట, సూర్యుడు అస్తమించాడనే చిన్న వాక్యం తీసుకుని, చెప్పేవాణ్ణి బట్టీ వినేవాణ్ణి బట్టీ అది ఎన్ని అర్థాలిస్తుందో చూపించాడు. శత్రువు మీద దాడికి ఇదే అదను. ప్రియుడి దగ్గరకు బయల్దేరు. సంధ్య వార్చే వేళయింది. ఆవుల్ని లోపలికి తోలండి. అమ్మకానికి పెట్టిన సరుకు సర్దెయ్యండి. ఇక పని ఆపేద్దాం. ప్రియురాళ్ళూ సేనాపతులూ ఉన్న ఆ జాబితాలో, పొద్దుగూకేదాకా పనిచేసి నడుం నిమురుకునే మనిషి కూడా ఒకడున్నాడు. ఆ వాక్యం అతని నోట ఉంటేనే అది పని చాలించడమవుతుంది.

సూర్యుడు అస్తమించాడు అనే వాక్యాన్ని యంత్రమూ రాస్తుంది. దాన్నుంచి ఈ అర్థాల్లో ఏది స్ఫురించాలి? పని ఆపేద్దామని దానికి అనిపించదు. అది ఇరవైనాలుగు గంటలూ నడుస్తుంది. వ్యంగ్యానికి ఆధారమైన తొమ్మిదింటిలో మొదటి దాని స్థానం ఖాళీగా ఉంటుంది. పరీక్ష పెట్టినవాళ్ళు మనుషుల పద్యాల దగ్గర కూడా ఆ స్థానాన్ని ఖాళీ చేసి, తర్వాత రెండింటినీ తక్కెట్లో పెట్టారు. రెండు కాళ్ళు ఉన్నవాణ్ణీ కొయ్యకాళ్ళవాణ్ణీ కుర్చీల్లో కూర్చోబెట్టి ఇద్దరూ సమానంగానే కూర్చున్నారన్నట్టు ఉంది ఇది. కవిత్వాన్ని ఇలా దేశకాలాల నుంచి విడగొట్టి చదవమన్నది యంత్రం కాదని కూడా ఒప్పుకోవాలి. కవి ఎవరో అడగొద్దు, పాఠమే సర్వస్వం అని యాభై ఏళ్ళకు పైగా విశ్వవిద్యాలయాల్లో నేర్పుతున్న విమర్శ ఒకటుంది. ఆ విమర్శకు తగిన కవి ఇన్నాళ్ళకు దొరికాడు.

ఇక్కడ ఒక మంచి ఆక్షేపణ వస్తుంది. మన జానపద గేయాలకు కర్త ఎవరో తెలియదు కదా, అవి కవిత్వం కాకుండా పోయాయా? పోలేదు. వాటికి కర్త పేరు పోయిందే గాని వక్త పోలేదు. నాట్లేస్తూ పాడే ప్రతి మనిషీ ఆ పాటకు వక్తే. తన మోతుబరి పేరు పెట్టుకుని, తన కష్టం ఒక చరణం కలుపుకుని పాడుతుంది. ఈ జవాబు చెప్పినప్పుడు దాని రెండో కొసను కూడా ఒప్పుకోవాలి. సమ్మెలో కూర్చున్న కార్మికులు యంత్రం రాసిన పాటను తమదిగా చేసుకుని పాడితే అది వాళ్ళ పాటే అవుతుంది. జపాన్ రచయిత్రి రియె కుదాన్ 2024 జనవరిలో అకుతగావ బహుమతి అందుకుంటూ, తన నవలలో ఓ ఐదు శాతం యంత్రం మాటలేనని చెప్పినప్పుడు గొడవ జరిగింది. ఆ నవలలో ఒక యంత్రం మాట్లాడుతుంది. ఆ యంత్రం మాటలకు ఆమె యంత్రాన్ని వాడుకుంది. చెప్పదలచుకున్నది ఆమె. ఇందులో నాకు దోషం కనిపించదు.

చెప్పదలచుకోవడం అన్నాను. దీనికి సంస్కృతంలో వివక్ష అని పేరు. ఇప్పుడు తెలుగులో ఆ మాటకు కులవివక్ష, లింగవివక్ష అనే అర్థమే మిగిలింది గాని, అసలు అర్థం చెప్పాలనే కోరిక. ఆనందవర్ధనుడు తొమ్మిదో శతాబ్దంలో రాసిన 'ధ్వన్యాలోకం' మూడో ఉద్యోతంలో చిత్రకావ్యం గురించి చేసిన చర్చ అంతా ఈ మాట చుట్టూ తిరుగుతుంది. నాకు తెలిసినంతలో యంత్ర కవిత్వాన్ని గురించి ఇంత సూటిగా మాట్లాడిన పాత గ్రంథం మరొకటి లేదు.

రసభావాదులు చెప్పాలనే కోరిక లేకుండా, కేవలం అలంకారాలు కూర్చితే అది చిత్రం అని అతని నిర్వచనం. అది ముఖ్యమైన కావ్యం కాదు, కావ్యానికి అనుకరణ అని అతను తెగేసి చెప్పాడు. వెంటనే తన మీద తానే ఆక్షేపణ తెచ్చుకున్నాడు. లోకంలో ఏ వస్తువు గురించి చెప్పినా అది ఏదో ఒక రసానికి విభావం కాకుండా పోదు. మరి రసం లేని కావ్యం ఎలా సాధ్యం? నిజమేనని ఒప్పుకున్నాడు. కవికి వివక్ష లేకపోయినా, చెప్పిన అర్థానికి ఉండే సహజమైన శక్తి వల్ల అక్కడా రసప్రతీతి కలగవచ్చు. కాని అది చాలా దుర్బలంగా ఉంటుంది. చిత్రం కొత్తగా రాయడం మొదలుపెట్టిన వాళ్ళు అభ్యాసం కోసం రాసుకుంటే రాసుకోవచ్చునని ఒక మినహాయింపు కూడా ఇచ్చాడు.

యంత్రం రాసిన పద్యం చదివి ఎవరికైనా కళ్ళు చెమ్మగిల్లితే ఇకమీదట మనం కంగారు పడనవసరం లేదు. తల్లి చావు, వలస పోయిన ఊరు, ఎండిన చెరువు - ఈ అర్థాలకు తమ శక్తి తమకు ఉంది. తరతరాలుగా మనుషులు ఏడ్చి ఏడ్చి ఆ మాటల్లో ఆ శక్తి నింపారు. యంత్రం వాటిని ముట్టుకుంటే కొంచెం తడి దానికీ అంటుకుంటుంది.

మన సాహిత్యచరిత్రలో ఈ చిత్రం కొత్తది కాదు. పద్మబంధం, నాగబంధం, గర్భకవిత్వం, నిరోష్ఠ్యం అంటూ కొన్ని శతాబ్దాలు మన పద్యకవులు చేసిన గారడీ అంతా అదే. దాన్ని మనం చాలినంత వెక్కిరించాం. కాని వెక్కిరించినవాళ్ళ సంగతేమిటి? ఎర్ర సూర్యుడు, బిగిసిన పిడికిలి, నెత్తుటి మడుగు, రేపటి ఉషోదయం - ఈ నాలుగు దినుసులూ చెప్పి ఒక కవిత రాయమని యంత్రాన్ని ఎవరైనా అడిగి చూడవచ్చు. అర నిమిషంలో రాసి ఇస్తుంది. అది మన ప్రత్యేక సంచికల్లో అచ్చయిన చాలా కవితల కంటే బాగా లేకపోయినా, వాటికి తీసిపోదు. ఇందులో యంత్రం గొప్పతనం కంటే మన సంచికల బలహీనత ఎక్కువ కనిపిస్తోంది. వస్తువు ప్రగతిశీలమైతే చాలు, చెప్పాలనే తపన ఉన్నట్టేనని మనం చాలాకాలం అనుకున్నాం. ఆనందవర్ధనుడు అలా అనుకోలేదు. విప్లవం గురించి రాసినా చిత్రకావ్యం చిత్రకావ్యమే. యువకవులకు నేను చెప్పదలచుకున్న మాట ఇదే: మీరు రాసిన కవితను యంత్రం రాయగలదా అని దిగులుపడకండి, యంత్రం రాయగలిగిన కవితను మీరెందుకు రాశారో ఆలోచించండి.

భావవాది వివక్షను ఆత్మకు అంటగడతాడు. మనకు ఆ అవసరం లేదు. కోరిక లేమిలోంచి పుడుతుంది. చెప్పకపోతే ఊపిరాడని స్థితి ఒకటి శరీరంలో, సమాజంలో ఉన్నప్పుడు చెప్పాలనే కోరిక పుడుతుంది. చెప్పినందుకు మూల్యం ఉంటుందని తెలిసీ చెప్పినప్పుడు ఆ కోరిక ఎంత గట్టిదో తేలుతుంది. 1974లో పెట్టిన సికిందరాబాదు కుట్ర కేసులో ప్రభుత్వం కవిత్వాన్నే నేరానికి రుజువుగా చూపించింది. చెరబండరాజు, వరవరరావు మొదలైన కవులు ముద్దాయిలు. ఆ కేసును కోర్టు కొట్టివేసింది 1989లో; అప్పటికి చెరబండరాజు చనిపోయి ఏడేళ్ళయింది. ఆ కవితల్లో కొన్ని శిల్పరీత్యా బలహీనమైనవని విమర్శించవచ్చు. కాని వాటి వెనక ఒక మనిషి నిలబడి ఉన్నాడనే సంగతి వాటి అర్థంలో భాగమైపోయింది. యంత్రం మీద కుట్ర కేసు పెట్టడం కుదరదు.

ప్లేటోకు అసలు రాతల మీదే నమ్మకం లేదు. 'ఫీడ్రస్' సంభాషణలో సోక్రటీసు చేత అతను, రాసిన మాట బొమ్మలాంటిదని చెప్పించాడు. బతికున్నట్టే కనిపిస్తుంది, ప్రశ్న అడిగితే మౌనం వహిస్తుంది. ఎవరైనా దూషిస్తే తనను తాను కాపాడుకోలేదు, తండ్రి వచ్చి సాయం చెయ్యాలి. ప్లేటో ఇవాళ ఉంటే, అడిగితే జవాబిచ్చే రాత వచ్చింది కదా అని సంతోషించేవాడా? యంత్రం అడిగినదానికల్లా జవాబు చెప్తుంది. నిలదీస్తే క్షమాపణ చెప్పుకుని, ఇందాక అన్నదానికి పూర్తిగా వ్యతిరేకమైనది అంతే ధీమాగా చెప్పగలదు. జవాబులు చెప్పడమూ, జవాబుదారీ వహించడమూ ఒకటి కావని ప్లేటోకు అయితే విడమరచి చెప్పనక్కర్లేదు.

అసలు విషయానికి ఇప్పుడు వస్తున్నాను. చెప్పేవాడు లేని మాట అనేది మన దర్శనాల్లో అతి పెద్ద తగువు. వేదం అపౌరుషేయమని మీమాంసకులు వాదించారు. మనిషి రాయలేదు, దేవుడూ రాయలేదు. అది ఎప్పుడూ ఉంది. ఎందుకీ వాదం? మాటలో దోషం ఉందంటే అది చెప్పినవాడి దోషమే. అతని అజ్ఞానం, అతని స్వార్థం, అతని మోసం. చెప్పినవాడే లేకపోతే దోషానికి ఆశ్రయం లేదు. కనుక వేదం నిర్దుష్టం, తిరుగులేని ప్రమాణం. కుమారిలభట్టు ఈ తర్కాన్ని ఎంత పకడ్బందీగా నిర్మించాడో చూస్తే ముచ్చటేస్తుంది. నైయాయికులు దీన్ని ఒప్పుకోలేదు. మాటకు ప్రామాణ్యం వచ్చేది చెప్పినవాడు నమ్మదగిన ఆప్తుడైనప్పుడేనన్నారు. లోకాయతులైతే, అవి మనుషులు రాసినవే, రాసినవాళ్ళకు వాటి మీద జీవనోపాధి ఉంది అన్నారు. ఈ మూడింటిలో మొదటిదే మన సమాజాన్ని ఏలింది. ఎవరూ రాయని గ్రంథం పేరు చెప్పి, ఎవరు చదవాలో ఎవరు వినకూడదో కొందరు మనుషులు నిర్ణయించారు.

ఇవాళ కంపెనీలు మన ముందు పెడుతున్నది కొత్త అపౌరుషేయం. ఈ మాట ఫలానావాడు అన్నాడని కాదు, "ఏఐ చెప్పింది" అంటున్నారు. ఎవరూ చెప్పలేదు కనుక అందులో పక్షపాతం లేదట, వర్గం లేదట. నిజానికి ప్రతి మాట వెనకా మనుషులున్నారు. 2023 జనవరిలో టైమ్ పత్రిక బయటపెట్టిన సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. చాట్ జీపీటీ నోట బూతులూ హింసా రాకుండా చెయ్యడానికి, కెన్యాలో ఒక కాంట్రాక్టు కంపెనీ ద్వారా కూలీలను పెట్టారు. గంటకు రెండు డాలర్ల లోపు కూలికి వాళ్ళు రోజంతా అత్యాచారాల, హత్యల వర్ణనలు చదివి వాటికి గుర్తులు పెట్టారు. ఆ మర్యాదైన భాష వెనక ఆ మనుషుల పోయిన నిద్ర ఉంది. యంత్రానికి ఆత్మ ఉందా అని వాదించుకునే ఉభయపక్షాల వాళ్ళకూ వీళ్ళు కనిపించలేదు. ఆత్మ లేదన్నా, ఉందన్నా, మాట్లాడుతున్నది యంత్రమేనని ఇద్దరూ ఒప్పుకున్నట్టే కదా.

యంత్రానికి మేత అయిన పుస్తకాలు రాసినవాళ్ళు మరో మందలో ఉన్నారు. కవులందరూ దొంగలేనని, దాచుకోవడం తెలిసినవాడు నెగ్గుకొస్తాడని రాజశేఖరుడు 'కావ్యమీమాంస'లో నవ్వుతూ ఒప్పుకున్నాడు. శబ్దహరణానికీ అర్థహరణానికీ అధ్యాయాలే కేటాయించాడు. ఆనందవర్ధనుడు కవుల మధ్య పోలికలను మూడు రకాలు చేశాడు: అద్దంలో ప్రతిబింబంలాంటిది, పటంలోని బొమ్మలాంటిది, ఒకరినొకరు పోలిన ఇద్దరు మనుషుల్లాంటిది. మొదటి రెండూ వదిలెయ్యాలి, మూడోది ఉండవచ్చు, ఎందుకంటే రెండో మనిషికి తన ప్రాణం తనకు ఉంది. యంత్రాన్ని మొదటి రెంటిలో ఎక్కడ పెట్టాలో విద్యార్థులు చర్చించుకోవచ్చు. నాకు మాత్రం పోలిక కంటే, పుస్తకం చేతికి ఎలా వచ్చిందనేది ముఖ్యం. ఆంత్రోపిక్ అనే కంపెనీ మీద రచయితలు వేసిన దావాలో అమెరికా న్యాయమూర్తి 2025 జూన్‌లో, పుస్తకాలతో యంత్రానికి శిక్షణ ఇవ్వడం తప్పు కాదు గాని దొంగ ప్రతులు దించుకుని గ్రంథాలయం పెట్టుకోవడం చట్టం ఒప్పుకోదని తేల్చాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో ఆ కంపెనీ 150 కోట్ల డాలర్లకు రాజీకి వచ్చింది. సుమారు 5 లక్షల పుస్తకాలు, పుస్తకానికి 3,000 డాలర్ల చొప్పున. ఐతే అమెరికా కాపీరైట్ కార్యాలయంలో నమోదైన పుస్తకాలకే ఆ డబ్బు. గురజాడ, శ్రీశ్రీల భాషలో రాసుకునే మనలాంటివాళ్ళ పుస్తకాలు అలాంటి సంచుల్లో ఉన్నా లేనట్టే లెక్క.

ఈ అపౌరుషేయాన్ని ఆత్మ పేరు చెప్పకుండా ఎదిరించినవాళ్ళు ఉన్నారు. అమెరికా సినిమా, టెలివిజన్ రచయితల సంఘం 2023 మే 2 నుంచి 148 రోజులు సమ్మె చేసింది. పదకొండు వేలకు పైగా రచయితలు. ఒప్పందంలో వాళ్ళు రాయించుకున్న షరతులు చూడండి: యంత్రం వెలువరించినదాన్ని సాహిత్య రచనగా లెక్కించకూడదు, రచయిత చేతికి అలాంటిది ఇస్తే ఆ సంగతి ముందే చెప్పాలి, వాడుకోవాలని రచయితను బలవంతపెట్టకూడదు. వాడుకోదలచిన రచయిత, కంపెనీ ఒప్పుకుంటే, వాడుకోవచ్చు. ఇందులో దర్శనం కూడా ఉంది. ఏది రచన అనే ప్రశ్నకు సౌందర్యశాస్త్రంలో కాక కూలి ఒప్పందంలో జవాబు రాయించారు. మన రచయితల సంఘాలు ఇన్ని తీర్మానాలు చేశాయి గాని ఇలాంటి ఒక్క షరతు ఏ ప్రచురణకర్త దగ్గరా ఏ పత్రిక దగ్గరా రాయించలేదు.

అరిస్టాటిల్ 'రాజనీతి' మొదటి భాగంలో ఒక మాట అన్నాడు. మగ్గంలో నాడె తనంత తాను ఆడగలిగితే, వీణ మీద మీటు తనంత తాను పలకగలిగితే, యజమానులకు బానిసల అవసరం ఉండదని. బానిసత్వం తప్పదని చెప్పడానికే అతను ఆ ఉదాహరణ తెచ్చాడు. రెండు వేల ఏళ్ళ తర్వాత నాడె తనంత తాను ఆడింది. ఆడితే ఏమైందో మార్క్స్ 'పెట్టుబడి'లో అరిస్టాటిల్‌ను తలచుకుని మరీ రాశాడు. శ్రమకాలాన్ని తగ్గించవలసిన యంత్రం శ్రామికుడి కాలమంతటినీ మింగే సాధనమైంది. మన చేనేతవాళ్ళకూ, సిరిసిల్ల మరమగ్గాల కార్మికులకూ దీన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఇప్పుడు అతని రెండో ఉదాహరణ వంతు వచ్చింది. వీణ పలుకుతోంది, కుంచె కదులుతోంది.

కవులు తమ సంగతి తాము చూసుకోగలరు. కవిత్వం మీద బతికినవాళ్ళు మనలో ఎప్పుడూ లేరు. ముందు దెబ్బ తినేది అనువాదకులు, ప్రూఫులు దిద్దేవాళ్ళు, డబ్బింగు రచయితలు, బొమ్మలు వేసేవాళ్ళు. వామపక్ష ఉద్యమాల పోస్టర్లకూ పుస్తకాల అట్టలకూ మోహన్, చంద్ర వంటి చిత్రకారులు బొమ్మలు వేసిన రోజులు మరీ పాతవి కావు. మోహన్ 2017లో, చంద్ర 2021లో పోయారు. వాళ్ళ తర్వాతి తరం చిత్రకారులు హైదరాబాదులో, విజయవాడలో పని కోసం చూస్తున్నారు. శ్రమను గౌరవించాలని లోపల రాసిన పుస్తకాల అట్టల మీద కూడా యంత్రం వేసిన బొమ్మలు కనిపిస్తున్నాయి. ఆరేళ్ళున్న పిడికిలి ఒకటి చూశాను. ఆ పుస్తకం వేసినవాళ్ళు చిత్రకారుడికి ఇవ్వవలసిన డబ్బు మిగిలిందని సంతోషిస్తున్నారు. మన సంఘం వేసే పుస్తకాల విషయంలో ఏం చెయ్యాలో వచ్చే కార్యవర్గ సమావేశంలో చర్చకు పెట్టాలని నా ప్రతిపాదన. అట్ట బొమ్మ ఎవరు వేశారో, ఎంత ఇచ్చారో రెండో పేజీలో అచ్చు వెయ్యడంతో మొదలుపెట్టవచ్చు.